సవరణ: గర్భిణుల పరీక్షలకు పిలవవలసింది 108 కాదు, 102

తెలంగాణలో గర్భిణులకు అందే ఉచిత సేవల గురించి గత వారం రాసిన టపాలో, నెలవారీ పరీక్షలకు వెళ్లడానికీ, కాన్పయ్యాక తల్లీబిడ్డలు ఇల్లు చేరడానికీ 108కి ఫోన్ చేయాలని రాశాను. అది నా పొరపాటు. ఆ రెండు పనులకూ ఉన్నది 102 అమ్మ ఒడి వాహనం. 2005లో మొదలైన 108 అత్యవసరాల కోసం గనుక, హఠాత్తుగా రక్తస్రావమైనా, ఫిట్స్ వచ్చినా పిలవవలసింది దానినే. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడమీద ఈ రెండు నంబర్లూ పక్కపక్కనే రాసి ఉన్నాయి. ఆశా కార్యకర్త వేలు పెట్టి చూపేదాకా నేనే సరిగా చదవలేదు. 102 వాహనం ఒకే దారిలోని పలువురు గర్భిణులను ఎక్కించుకుంటూ వెళుతుంది కాబట్టి, పరీక్షకు ముందురోజే ఆమెకు చెప్పి ఉంచడం మేలు.