సవరణ: గుర్రం మీదికి వస్తే వెనక్కి తగ్గకండి

గుర్రాన్ని కింద నిలబడి నడిపిస్తూ నేర్పే పద్ధతి గురించి పోయిన వారం రాసినదానిలో తప్పులు దొర్లాయి. మీదిమీదికి వస్తే ఒక అడుగు వెనక్కి వేసి, ఛాతీ మీద చేయి ఆనించి నెట్టమన్నాను. రెండూ పొరపాటే. అలా చేసి ఇబ్బంది పడినవారు మన్నించాలి.

మందలో గుర్రాలు ఒకదాన్నొకటి పక్కకు జరుపుకుంటూ చోటు చూసుకుంటాయి. మనం వెనక్కి జరిగితే, తాను వస్తే ఈ మనిషి తప్పుకుంటాడని దానికి నేర్పినట్టే. ఇక నెట్టడం మొదలుపెడితే, అది తిరిగి మన చేతి మీదికే వాలుతుంది. 400 కిలోల జంతువును బలంతో జరపలేం.

ఉన్నచోటే నిలబడి పగ్గాన్ని అటూ ఇటూ ఊపండి. మొదట మెల్లగా, కదలకపోతే కాస్త గట్టిగా. ముందు కాలి డెక్క ఒక్కటి వెనక్కి పడగానే ఊపడం ఆపేయాలి. దానికి అదే బహుమానం. ఆలస్యమైతే ఎందుకు ఆపామో దానికి తెలియదు. నేనైతే అది తల దించి, ముక్కుపుటాలు వదులై, బరువుగా ఊపిరి విడిచేదాకా మళ్లీ పగ్గం కదపను.

ఎదురుగా నిలబడమనడమూ తప్పే. కళ్లు తలకు పక్కల ఉంటాయి కాబట్టి నుదుటికి సరిగ్గా ముందున్నది దానికి కనిపించదు. భుజానికి పక్కగా, చేయి చాచినంత దూరంలో ఉండండి. పగ్గాన్ని చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకోకండి.

జేబులు వెతికే గుర్రమైతే బెల్లం చేత్తో పెట్టకుండా బకెట్‌లో వేయండి.