గోరుతో తెరుచుకునే ఫోన్

పాత నోకియా ఫోన్ల గురించి ఎవరు మొదలుపెట్టినా పాము ఆట దగ్గరికొచ్చి ఆగిపోతారు. పాము ఆట బానే ఉండేది, కాదనను. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది వెనక మూత. బొటనవేలు గోరు పెట్టి నొక్కి లాగితే టక్కున ఊడొచ్చేది. లోపల బ్యాటరీ, దాని కింద సిమ్ము. మా ఇంట్లో బడికి పోయే పిల్లోడి దగ్గర్నుంచి అవ్వ దాకా అందరికీ దాని లోగుట్టు తెలుసు.

మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. మా నాయన నోకియా 1100 కొన్నది మాట్లాడడానికి కాదు, టార్చి కోసం. నవ్వకండి, నిజం. మోటారుకు కరెంటు రాత్రిపూట ఇచ్చేవాళ్ళు. గెనిమల మీద చీకట్లో నడిచి పోవాల. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో ఫోను. సి బటన్ నొక్కి పట్టుకుంటే లైటు వెలిగేది. బటన్లన్నీ ఒకే రబ్బరు ముక్క కాబట్టి సందుల్లోకి దుమ్ము పోయేది కాదు, బురద చేత్తో నొక్కినా తుడిచేస్తే సరిపోయేది. 2003లో వచ్చిన ఆ మోడల్ ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటే ఊరికే పోలేదు.

కింద పడితే మూడు ముక్కలయ్యేది. ఫోను గుమ్మం దగ్గర, మూత బీరువా పక్కన, బ్యాటరీ మంచం కింద. అందరం కలిసి ఏరుకొచ్చి బిగించి ఆన్ చేస్తే ఆ రెండు చేతులు కలిసే బొమ్మ వచ్చేది. హమ్మయ్య అనుకునేవాళ్ళం. బిగుసుకుపోయినా అదే మందు: బ్యాటరీ తీసి పెట్టు.

కొన్నాళ్ళకు బ్యాటరీ వదులై కదిలేది. మాట్లాడతా మాట్లాడతా ఉండగానే ఫోన్ ఆగిపోయేది. దానికి మా నాయన వైద్యం ఆర్టీసీ టిక్కెట్టు. నెల్లూరు పోయొచ్చిన టిక్కెట్టును నాలుగు మడతలేసి, గోటితో గీరి పల్చన చేసి, బ్యాటరీకీ అంచుకీ మధ్య దూర్చేవాడు. చెమటకు అది మెత్తబడితే ఇంకో టిక్కెట్టు. మా అమ్మ ఫోన్లో బ్యాటరీ వెనక పెంచలకోన నరసింహస్వామి చిన్న పటం, మడతపెట్టిన యాభై రూపాయల నోటు ఉండేవి. ఆ నోటు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, తీసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఇంకో సుఖం, బ్యాటరీల పంపకం. బీఎల్-5సీ అనే ఆ బ్యాటరీ 1100కీ సరిపోయేది, 1600కీ సరిపోయేది, మా బాబాయి గొప్పగా చూపించుకునే కెమెరా ఫోన్ 6600కీ అదే. పెళ్ళికి పోతా ఆయన ఫోన్లో చార్జింగ్ లేదంటే మా అమ్మ బ్యాటరీ తీసుకొని పోయేవాడు. ఆ పూటకు అమ్మ ఫోను పోయినట్టే. ఆ బ్యాటరీ ఇప్పటికీ చావలేదు. తిరునాళ్ళలో అమ్మే చిన్న పాటల డబ్బాల మూత తీసి చూడండి, చాలావాటిలో అదే కనిపిస్తది.

ఆ రోజులన్నీ బంగారం అనడం లేదు. 2003 మే నెలకు ముందు మనకొచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బులు కట్టినాం. చార్జర్ల సంగతి చెప్పనే వద్దు. ఒక్కో కంపెనీది ఒక్కో పిన్ను, నోకియాలోనే లావు పిన్ను, సన్న పిన్ను. చుట్టాలింటికి పోతే కాళ్ళు కడుక్కోకముందే "మీ దగ్గర సన్న పిన్నుందా" అని అడిగేవాళ్ళం.

2007 ఆగస్టులో బ్యాటరీలు వేడెక్కుతున్నాయని గొడవ లేచింది గుర్తుందా? మత్సుషిత కంపెనీ చేసిచ్చిన బీఎల్-5సీల్లో 4 కోట్ల 60 లక్షల దాకా చార్జింగ్ పెట్టినప్పుడు వేడెక్కే అవకాశం ఉందని నోకియానే ప్రకటించింది. టీవీల్లో అదే పని. మా వీధిలో కొందరు ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడానికే భయపడ్డారు. కానీ జరిగిందేంది? అందరూ అరుగుల మీద కూర్చొని మూతలు ఊడదీశారు. బ్యాటరీ మీదున్న 26 అంకెలు, అక్షరాల నంబరు పిల్లోళ్ళ చేత చదివించారు. అనుమానమున్న బ్యాటరీ ఇచ్చేస్తే కొత్తది ఊరికే ఇస్తామన్నారు. ఫోన్ ఫోన్లాగే జేబులో ఉంది. అదే 2016లో శాంసంగ్ నోట్ 7 బ్యాటరీలు కాలినప్పుడు పాతిక లక్షల ఫోన్లనే మొత్తంగా వెనక్కి తెప్పించుకోవాల్సొచ్చింది. అందులో బ్యాటరీ మన చేతికొచ్చేది కాదు మరి.

ఇప్పుడు నా కడుపుమంట. నా ఫోన్ బ్యాటరీ ఉబ్బింది. కొని రెండేళ్ళు దాటిందంతే. కంపెనీ పేరు వద్దులెండి. నెల్లూరులో వాళ్ళ సర్వీస్ సెంటర్‌కు పోతే, టోకెన్ తీసుకొని కూర్చోబెట్టి, ఫోన్ ధరలో మూడో వంతు చెప్పారు. వెనక అద్దాన్ని జిగురుతో అతికించి ఉంటారంట, వేడి చేసి లేపాలంట, లేపేటప్పుడు పగిలితే మాకు సంబంధం లేదని సంతకం పెట్టమన్నారు. నా డబ్బుతో కొన్న ఫోను, నేను తెరవకూడదు, వాళ్ళు తెరిస్తే పగలొచ్చు! ట్రంకు రోడ్డులో ఒకప్పుడు రిపేర్ అబ్బాయి టూత్‌బ్రష్‌ను థిన్నర్లో ముంచి బోర్డు రుద్ది, "ఐదు నిమిషాలు కూర్చోన్నా, టీ తాగొచ్చేలోపు అయిపోద్ది" అనేవాడు. మన కళ్ళ ముందే చేసేవాడు. సైకిల్ షాపులో పంచరు వేయించుకున్నట్టుండేది.

నీళ్ళు పోకుండా ఉండాలంటే మూత అతికించాల్సిందే అంటారు కంపెనీల వాళ్ళు. 2014లో వచ్చిన గెలాక్సీ ఎస్5కు ఊడే మూతా ఉంది, బ్యాటరీ తీసుకునే వీలూ ఉంది, నీళ్ళలో తట్టుకుంటుందనే ఐపీ67 రేటింగూ ఉంది. చేయడం చేతకాక కాదు, చేస్తే మనం కొత్త ఫోన్ కొనడం ఆలస్యమవుతుంది.

నన్ను ఇంకా పొడిచే ముల్లు ఏందంటే, ఈ ఫోన్లు ఎక్కడో సముద్రాల అవతల తయారయ్యేవి మాత్రమే కాదు. తడ పక్కన శ్రీసిటీ పారిశ్రామికవాడలో, వేరే కంపెనీలకు ఫోన్లు చేసిచ్చే ఫాక్స్‌కాన్ 2015లోనే షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. (2022లో జిల్లాలు విడగొట్టి తడను తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మాకది ఇంకా నెల్లూరే.) నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు ఆడపిల్లలు కంపెనీ బస్సులెక్కి షిఫ్టులకు పోతుంటారు. మన పిల్లల చేతులు బిగిస్తున్న ఫోన్‌ను మన చేతులు విప్పలేకపోవడం ఏం న్యాయం?

యూరప్‌లో చట్టం వచ్చింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో బ్యాటరీని వాడేవాళ్ళే మార్చుకునేలా ఉండాలంటారు. మినహాయింపులు ఉన్నాయిలే, బ్యాటరీ ఎక్కువ కాలం మన్ని, నీళ్ళకు తట్టుకునే ఫోన్లకు వెసులుబాటు ఇచ్చారు. అయినా నాకు ఆశ ఉంది, ఎందుకంటే పిన్నుల గొడవ తీర్చింది కూడా వాళ్ళే. టైప్-సీ పెట్టాల్సిందేనని పట్టుబట్టేసరికి ఆపిల్ కూడా 2023లో దారికొచ్చింది. ఇప్పుడు చుట్టాలింట్లో ఎవరి చార్జరైనా పనికొస్తోంది. మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్, అంటే రిపేరు చేయించుకునే హక్కు, పేరుతో ఒక పోర్టల్ పెట్టింది. ఏ కంపెనీ రిపేర్ వివరాలు ఎక్కడున్నాయో చూసుకోవచ్చు. మంచిదే, కానీ జిగురు పెట్టొద్దని ఏ కంపెనీ మెడలూ వంచదది.

యూరప్‌కు ఊడే మూత, మనకు జిగురు పెట్టి పంపితే మాత్రం ఊరుకోకూడదు. శ్రీసిటీలో బిగించేటప్పుడే ఆ జిగురు బదులు నాలుగు స్క్రూలు పెట్టమనండి. స్క్రూడ్రైవర్ పట్టే కుర్రాళ్ళకు నెల్లూరులో కొదవలేదు.