తూకం మిషన్ కొలుస్తున్నది నీళ్లని

2024 ఆగస్టు 6 రాత్రి పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్‌కు నిద్ర లేదు. 8వ తేదీ రాత్రి మరో రెజ్లర్ అమన్ సెహ్రావత్‌కు నిద్ర లేదు. ఇద్దరూ చేసింది ఒకే పని. సెమీఫైనల్ అయ్యేసరికి పెరిగిన బరువును తెల్లారేలోపు చెమట రూపంలో బయటికి పంపడం. అమన్ పది గంటల్లో 4.6 కిలోలు తగ్గి, తూకంలో నెగ్గి, కాంస్యం తెచ్చాడు. వినేశ్ 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్‌కు దూరమైంది. ఒకరిది పట్టుదల అన్నాం. ఇంకొకరి విషయంలో తప్పెవరిదని వెతికాం. ఏడాది తిరిగేసరికి జాగ్రెబ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అదే అమన్ 1.7 కిలోలు ఎక్కువ తూగి అనర్హుడైతే, నిన్న పట్టుదల అన్న నోళ్లే నిర్లక్ష్యం అన్నాయి.

పని మారలేదు, ఫలితం మారింది, దాంతో పేరు మారింది. అసలు ఆ పనే తప్పు అని ఎవరూ అనలేదు. నేను అంటున్నాను. కుస్తీలోనూ జూడోలోనూ పోటీకి ముందు వారంలో జరిగే బరువు తగ్గింపులో పోషణ అనదగినది దాదాపు ఏమీ లేదు. అది ఒంట్లోని నీటిని పిండి తీయడం. ఏ బరువు విభాగంలో ఆడాలో నిర్ణయించే అధికారం పోటీ ముందు రాత్రి చేతిలో ఉన్నంతకాలం ఎంత మంచి డైటీషియన్‌ను పెట్టినా ఒరిగేదేమీ ఉండదు.

పది గంటల్లో నాలుగు కిలోల కొవ్వు ఎవరికీ కరగదు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. అంటే రాత్రికి రాత్రి పోయేది కొవ్వు కాదు, నీరు. తిండి మానేయగానే ముందు ఖాళీ అయ్యేది కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్. మంచి శిక్షణలో ఉన్నవాళ్లలో అది అరకిలో దాకా ఉంటుంది, గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది పోతే నీరూ పోతుంది, తూకంలో ముల్లు దిగుతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ఆరు నిమిషాల కుస్తీ పట్టులో, స్కోరు సమమై గోల్డెన్ స్కోర్ అనే అదనపు సమయానికి సాగిన జూడో బౌట్‌లో కాళ్లను నడిపే ఇంధనం అదే. పోటీకి వెళ్లే ముందు రోజు బండిలో పెట్రోలు తీసేసి, బండి తేలికైందని మురిసిపోవడం లాంటిదిది.

తర్వాత చెమట. ఒంటి బరువులో రెండు శాతం నీరు పోయేసరికే ఓర్పు తగ్గడం మొదలవుతుంది. రక్తంలోని ద్రవం తగ్గుతుంది, గుండె ప్రతి కొట్టుకు తక్కువ రక్తం పంపుతుంది, ఆ లోటు పూడ్చడానికి వేగం పెంచుతుంది. చెమట పట్టే శక్తి తగ్గాక ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. అలాంటి మనిషికి రబ్బరు సూటు తొడిగి, వేడి గదిలో సైకిల్ తొక్కించడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఇక్కడ అందరూ దాటేసే లెక్క ఒకటుంది. చెమటలో మూడు కిలోలు పోగొట్టుకున్న రెజ్లర్ మళ్లీ మామూలు స్థితికి రావాలంటే పోయినదానికి ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు నాలుగున్నర లీటర్లు, ఉప్పుతో కలిపి తాగాలి. తాగిందంతా ఒంట్లో నిలవదు, కొంత మూత్రంగా పోతుంది. పైగా కడుపు నుంచి పేగుల్లోకి గంటకు లీటరుకు అటూ ఇటూగా తప్ప దిగదు. గ్లైకోజెన్ పూర్తిగా నిండటానికి పిండిపదార్థాలు బాగా తిన్నా దాదాపు ఒక రోజు పడుతుంది. 2018 నుంచి అంతర్జాతీయ కుస్తీలో తూకం పోటీ రోజు ఉదయమే, ఆ తర్వాత కొద్ది గంటలకే బౌట్లు. ఫైనల్‌కో కాంస్య పోరుకో చేరితే మరుసటి ఉదయం మళ్లీ తూకం. మొదటి తూకం తర్వాత తిని తాగితే రెండో తూకంలో ఎక్కువ తూగుతారు. తినకపోతే, తాగకపోతే మూడు బౌట్లు ఎలా ఆడతారు? వినేశ్ ఆ రోజు తొలి బౌట్‌లోనే, అప్పటిదాకా అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరుగని యుయి సుసాకిని ఓడించింది. ఆ శక్తి ఇచ్చిన నీరూ ఆహారమే మర్నాటి ఉదయానికి తూకం మీద నేరమయ్యాయి. ఆమెది 53 కిలోల విభాగం, ఒలింపిక్స్ కోసం 50కి దిగింది. లెక్క తప్పింది ఆ ఒక్క రాత్రి కాదు, 50కి దిగాలని నిర్ణయించిన రోజే.

జూడో వాళ్లు కొంత తెలివిగా ఆలోచించారు. అక్కడ తూకం ముందు రోజు సాయంత్రం. పోటీ ఉదయం కొందరిని ఎంచి మళ్లీ తూస్తారు, విభాగం పరిమితి మీద ఐదు శాతం దాటి ఉండకూడదు. కోలుకోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది, రాత్రికి రాత్రి అడ్డగోలుగా పెరగడానికి హద్దు కూడా ఉంది. కానీ ఆ రాత్రి ఉంది కదా అని ఇంకో కిలో ఎక్కువ పిండుకునేవాళ్లూ తయారవుతారు. తూకం వేళను ముందుకో వెనక్కో జరిపితే జబ్బు చోటు మారుతుంది, అంతే.

దీన్ని సమర్థించేవాళ్ల మాట నాకు తెలుసు. అవతలివాడు తగ్గి వస్తున్నప్పుడు నేను సహజ బరువుతో దిగితే నాకంటే పెద్ద శరీరంతో తలపడాలి కదా అంటారు. బరువు తగ్గడం కూడా ఒక నైపుణ్యమే, నేర్చుకుంటే వస్తుంది అంటారు. 2021లో ఆసియా క్వాలిఫయర్‌లో 50 గ్రాములు ఎక్కువ తూగి అనర్హుడైన జపాన్ రెజ్లర్ రెయి హిగుచి, అదే 57 కిలోల్లో పారిస్‌లో స్వర్ణం గెలిచాడు. నిజమే. పక్కవాడు చేస్తున్నప్పుడు ఒక్కడే మానేస్తే నష్టపోతాడు. అందుకే దీన్ని ఆటగాడి విచక్షణకు వదిలేయకూడదు, నియమం పెట్టి అందరిచేతా ఒకేసారి మాన్పించాలి.

అది సాధ్యమని చూపిన అనుభవం ఉంది, చాలా ఖరీదైన అనుభవం. 1996లో దక్షిణ కొరియా జూడో క్రీడాకారుడు చుంగ్ సే హూన్ అట్లాంటా ఒలింపిక్స్‌కు సిద్ధమవుతూ, బరువు తగ్గించుకునే క్రమంలో గుండె ఆగి చనిపోయాడు. మరుసటి ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో, 33 రోజుల వ్యవధిలో, అమెరికా కాలేజీ రెజ్లర్లు ముగ్గురు చనిపోయారు. ముగ్గురివీ వేర్వేరు కాలేజీలు. ముగ్గురూ గాలి ఆడని సూట్లు వేసుకుని, వేడిలో వ్యాయామం చేస్తూ, నీళ్లు తాగకుండా కిలోలు దించుకుంటున్నవాళ్లే.

అప్పుడు అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ చేసిన పనిని నేను పదే పదే గుర్తు చేస్తుంటాను. రబ్బరు సూట్లు, సానాలు నిషేధించింది, తూకాన్ని పోటీకి దగ్గరగా తెచ్చింది. అసలైన మార్పు మాత్రం తర్వాతి సీజన్ నుంచి వచ్చింది. సీజన్ మొదట్లోనే మూత్ర పరీక్ష చేసి, ఒంట్లో నీరు సరిపడా ఉందని తేలాకే బరువు, కొవ్వు శాతం కొలుస్తారు. కొవ్వు ఐదు శాతం కంటే దిగకుండా ఆ శరీరం ఎంత బరువుకు తగ్గగలదో లెక్క కడతారు. అదే ఆ సీజన్‌కు అతని కనీస బరువు. అక్కడికి చేరాలన్నా వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం మించి తగ్గకూడదు. కోచ్ బతిమాలినా, ఆటగాడు ఏడ్చినా అంతకంటే కింది విభాగంలో దిగనివ్వరు. ఒలింపిక్ కుస్తీకి, జూడోకి ఇది ఇప్పటికీ ఎందుకు రాలేదు? దీనికి కావలసింది ఒక పరీక్ష కిట్టు, శిక్షణ ఉన్న ఒక మనిషి, ఒక రిజిస్టరు.

విభాగం నెలల ముందే ఖరారైతే అప్పుడు పోషణ గురించి మాట్లాడుకోవడంలో అర్థం ఉంటుంది. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గుదల, కండ కరగకుండా కిలో బరువుకు రోజూ 1.6 నుంచి 2.4 గ్రాముల ప్రొటీన్, సాధన చుట్టూ పిండిపదార్థాలు. చివరి ఒకటి రెండు రోజులు పీచు తగ్గిస్తే పేగుల్లో ఉండే బరువు తగ్గుతుంది, దాంతో కొద్దిపాటి తేడా సర్దుకుంటుంది. ఇందులో హీరోయిజం లేదు, వార్త అయ్యే విషయమూ లేదు. కెమెరాకు కావలసింది రాత్రంతా ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే మనిషి.

నా బాధంతా అక్కడే. మనకు కష్టం కనిపిస్తేనే సాధన అనిపిస్తుంది. కడుపు మాడ్చుకోవడాన్ని క్రమశిక్షణ అంటాం, కళ్లు తిరిగి పడిపోతే అంకితభావం అంటాం. పెద్దవాళ్ల దగ్గర ఇది వాళ్ల ఎంపిక అని సరిపెట్టుకోవచ్చేమో. పద్నాలుగేళ్ల పిల్ల దగ్గర ఏమని సరిపెట్టుకుంటాం? ఎముక గట్టిపడే వయసు అది. సాధనకు సరిపడా తిండి అందకపోతే శరీరం అత్యవసరం కాని పనులు ఒక్కొక్కటిగా ఆపేస్తుంది. నెలసరి ఆగిపోతుంది, ఎముకలో పగుళ్లు వస్తాయి, చిన్న జబ్బు కూడా ఒక పట్టాన తగ్గదు. దీన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లోనే రెడ్-ఎస్ అని పేరు పెట్టి వివరించారు, మగపిల్లలకూ వస్తుందని చెప్పారు. అయినా నెలసరి ఆగిందని చెప్పిన అమ్మాయికి ‘ట్రైనింగ్ గట్టిగా జరుగుతోందిలే’ అనే జవాబు చెప్పే కోచ్‌లు ఇంకా ఉన్నారు. ఆ పిల్లకు సీనియర్ పతకం వచ్చే వయసుకు ఇంకా పదేళ్లుంది. జిల్లా స్థాయి పతకం కోసం ఆ పదేళ్లనూ ముందే ఖర్చు పెడుతున్నాం.

కుస్తీలోనో జూడోలోనో పిల్లల్ని చేర్చిన తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే. మీ పిల్లల విభాగాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ పరీక్ష చేసి నిర్ణయించారో కోచ్‌ని అడగండి. ‘పోటీకి వారం ముందు చూద్దాం లెండి’ అని జవాబు వస్తే, పేరును పై విభాగంలో రాయించండి. ఓడితే ఓడనివ్వండి.