ముట్టు రాకపోతే పిల్లల గురించే కాదు, గర్భసంచి పొర గురించి కూడా అడగండి

పీసీఓడీ (అండం నెలనెలా సరిగా విడుదల కాని హార్మోన్ల సమస్య) ఉన్న అమ్మాయికి నాలుగు నెలలుగా ముట్టు రాలేదంటే ఇంట్లో మొదట వినిపించే మాట "రేపు పిల్లలు పుడతారో లేదో". పెళ్లయి ఇద్దరు పుట్టేశాక ఆ దిగులూ పోతుంది. ఆ తర్వాత ఆరు నెలలకోసారి వచ్చినా "హాయిగా ఉంది, గొడవ లేదు" అనుకుంటారు. ఆ ఆరు నెలలూ గర్భసంచి లోపల ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ చెప్పరు. నా కోపమంతా అక్కడే.

ముట్టు అయిపోగానే ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను పెంచడం మొదలుపెడుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ వచ్చి ఆ పెరుగుదలను ఆపుతుంది. పొరలో ఈస్ట్రోజెన్‌ను అందుకునే రిసెప్టర్లను తగ్గిస్తుంది, ఈస్ట్రోజెన్‌లో బలమైన రకమైన ఎస్ట్రాడయోల్‌ను బలం తక్కువైన ఎస్ట్రోన్‌గా మార్చేస్తుంది. గర్భం రాకపోతే ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, పొర రాలిపోతుంది. అండమే విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ రాదు. ఈస్ట్రోజెన్ పని మాత్రం ఆగదు. పొర నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. కణాలు ఎన్నిసార్లు విభజన చెందితే జన్యువుల్లో తప్పు దొర్లే అవకాశం అంత పెరుగుతుంది. మొదట హైపర్‌ప్లేషియా, అంటే పొర అతిగా పెరగడం; ఆ తర్వాత అటిపియా, అంటే కణాల రూపమే మారడం; చివరికి ఎండోమెట్రియల్ క్యాన్సర్, అంటే గర్భసంచి పొర క్యాన్సర్. ఎక్కువ కేసులు నడిచే దారి ఇదే.

అండాశయాలు పని ఆపేశాక ఈస్ట్రోజెన్ ఎక్కడిదని అడుగుతారు. కొవ్వు నుంచి. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆండ్రోస్టీన్‌డయోన్‌ను అది ఎస్ట్రోన్‌గా మారుస్తుంది. బరువు పెరిగేకొద్దీ ఈ తయారీ పెరుగుతుంది. పైగా ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే, హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ తగ్గి ఈస్ట్రోజెన్ ఇంకా విడిగా తిరుగుతుంది. ఇన్సులిన్ నేరుగా కూడా పొరను పెంచుతుంది. బరువు, షుగర్, పీసీఓడీ మూడూ ఒక మనిషిలోనే ఉంటే జాగ్రత్త అంటున్నది అందుకే.

ఇది ఊహ కాదు. అమెరికాలో ముట్లు ఆగిన ఆడవాళ్లకు ఒంట్లో ఆవిర్లు తగ్గడానికి ఏళ్ల తరబడి ఒట్టి ఈస్ట్రోజెన్ మాత్రలే ఇచ్చారు. 1975 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన రెండు అధ్యయనాలు, అవి వాడినవాళ్లలో ఈ క్యాన్సర్ ముప్పు కొన్ని రెట్లు ఎక్కువని చూపించాయి. అప్పటినుంచి నియమం ఒక్కటే: గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఇస్తే తోడుగా ప్రొజెస్టెరాన్ ఉండాల్సిందే. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ అయితే మామూలుగా రోజూ 100 మి.గ్రా., లేదా నెలలో 12 రోజులు 200 మి.గ్రా. మీ చీటీలో ఈస్ట్రోజెన్ ఒక్కటే ఉంటే వెంటనే అడగండి. యోనిలో రాసుకునే తక్కువ డోసు క్రీముకు మాత్రం ఈ నియమం వర్తించదు.

టామాక్సిఫెన్ సంగతి వేరు. రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే ఈ మందే గర్భసంచి పొర మీద ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది. ముట్లు ఆగినవాళ్లలో ముప్పు పెరుగుతుంది. అంతమాత్రాన మానేయకండి, రొమ్ము క్యాన్సర్ తిరిగి రాకుండా కాపాడుతున్నది అదే. ఈ మందు వాడుతుంటే స్కాన్‌లో పొర మందంగా కనిపించడం మామూలే. లెక్కలోకి తీసుకోవలసింది రక్తస్రావం.

పీసీఓడీలో చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. మూడు నెలలు దాటి ముట్టు రాకపోతే, గర్భం లేదని తేల్చుకుని, డాక్టరు సలహాతో ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ మాత్ర 10 మి.గ్రా. రోజుకొకటి చొప్పున 10 నుంచి 14 రోజులు. ఆపాక ముట్టు వస్తుంది, పొర ఖాళీ అవుతుంది. గర్భనిరోధక మాత్రలు గానీ, గర్భసంచిలో అమర్చే లెవోనార్జెస్ట్రెల్ (ప్రొజెస్టెరాన్ లాంటి హార్మోన్) కాయిల్ గానీ ఇంకా నమ్మకమైన కాపలా. "హార్మోన్ మాత్రలు క్యాన్సర్ తెస్తాయి" అని భయపెట్టేవాళ్లకు ఈ మాట చెప్పండి: రెండు హార్మోన్లూ కలిసిన గర్భనిరోధక మాత్రలు ఈ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి, మానేశాక కూడా ఆ రక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా "వేడి చేసింది" అని సర్దుకోవద్దు. ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందిలో మొదటి సూచన రక్తస్రావమే. ట్రాన్స్‌వెజైనల్ స్కాన్‌లో పొర 4 మి.మీ. దాటితే బయాప్సీ తప్పనిసరి. తక్కువగా ఉన్నా రక్తస్రావం మళ్లీ మళ్లీ అవుతుంటే అప్పుడూ అంతే. పాప్ స్మియర్ బాగుందని ఊరుకోకండి, అది గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష. సన్నగా ఉన్నాను, నాకెందుకు వస్తుందనీ అనుకోకండి. ఈ క్యాన్సర్‌లోనే సీరస్ అనే రకం హార్మోన్లతో పెద్దగా పని లేకుండానే వస్తుంది, అది మరింత మొండిది.

గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోనే ఎక్కువగా ఉన్నవి ఆంధ్ర, తెలంగాణ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన మాటే ఇది. ఒకపక్క పట్టించుకోకపోవడం, మరోపక్క "తీసేస్తే పోలా" అనడం. అటిపియా లేని హైపర్‌ప్లేషియా ఇరవై ఏళ్లలో క్యాన్సర్‌గా మారేది నూటికి అయిదుమందిలోపే. కాయిల్ వేసి ఆరు నెలలకోసారి బయాప్సీ చూస్తే చాలామందికి తగ్గిపోతుంది. అటిపియా ఉంటే మాత్రం ఆపరేషన్ మాట న్యాయమే. అక్కడ అప్పటికే క్యాన్సర్ దాగి ఉండే అవకాశం బాగా ఎక్కువ.

అందుకే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు బయాప్సీ రిపోర్టు చేతికి తీసుకోండి. అందులో అటిపియా ఉందో లేదో రాసి ఉంటుంది. క్యూరెట్ చేసినా (పొరను గీకి తీసినా), గర్భసంచి తీసినా ఆ ముక్క పాథాలజీకి వెళ్లిందా, రిపోర్టు ఎప్పుడొస్తుంది అని డిశ్చార్జికి ముందే అడగండి.