ఏడాది పెంచి పోలీసులకు ఇచ్చేద్దామా?

లండన్‌లో పోలీసు జాగిలం కావాల్సిన కుక్కపిల్ల మొదటి ఏడాది పోలీసుల దగ్గర ఉండదు. మామూలు జనం ఇళ్లలో పెరుగుతుంది. చెప్పులు కొరుకుతుంది, సోఫా కింద దూరుతుంది, పిల్లల్ని బడి దగ్గర దింపడానికి వెంట వెళ్తుంది. అక్కడి మెట్రోపాలిటన్ పోలీసులకు లండన్ శివారు కెస్టన్‌లో శిక్షణ కేంద్రం ఉంది. ఎనిమిది వారాల వయసు రాగానే కుక్కపిల్లల్ని వాలంటీర్ కుటుంబాలకు అప్పగిస్తారు. తిండి, డాక్టర్ ఖర్చు, పట్టీలు, గిన్నెలు అన్నీ శాఖే చూసుకుంటుంది, ఏడాది అటూ ఇటూగా వెనక్కి తీసుకుంటుంది. న్యూజిలాండ్ పోలీసులు ట్రెంథామ్ కేంద్రం నుంచి ఇలాగే ఇస్తారు. అమెరికా సైన్యమైతే టెక్సస్‌లోని లాక్‌ల్యాండ్ స్థావరంలో పుట్టిన పిల్లల్ని చుట్టుపక్కల ఇళ్లకిచ్చి, ఏడు నెలలొచ్చేదాకా పెంచిపెట్టమంటుంది (అక్కడే పుట్టినవని గుర్తుగా వాటి పేర్లలో మొదటి అక్షరం రెండుసార్లు రాస్తారు).

మరి బెంగళూరులో ఎందుకు చేయకూడదు? మేం అడుగుతున్నది అదే.

సరంజామా అంతా ఇక్కడే ఉంది. కనకపుర రోడ్డు వైపు తరళులో సీఆర్‌పీఎఫ్ కుక్కల పెంపక, శిక్షణ కేంద్రం 2011 నుంచి నడుస్తోంది, మావోయిస్టు ప్రాంతాల్లో మందుపాతరలు పసిగట్టే బెల్జియన్ మాలినోయిస్ జాతి కుక్కలు తయారయ్యేది అక్కడే. నగర పోలీసు డాగ్ స్క్వాడ్ ఆడుగోడిలో ఉంది. కుక్కంటే ప్రాణం పెట్టే ఇళ్లకు ఈ ఊళ్లో కొదవే లేదు, అందులో మన తెలుగువాళ్ల ఇళ్లూ తక్కువేం కావు. అయినా మన దగ్గర కుక్కపిల్లలు కెన్నెల్‌లోనే (పోలీసు కుక్కల షెడ్డులోనే), హ్యాండ్లర్ చేతి కిందే, అంటే కుక్కని చూసుకుని పని చేయించే పోలీసు దగ్గరే పెరుగుతాయి. హ్యాండ్లర్‌ని తప్పుపట్టడం లేదు, ఆయన చేతిలో ఉన్నదంతా చేస్తాడు. కానీ కెన్నెల్‌లో కుక్కర్ విజిల్ వినపడదు, మిక్సీ తిరగదు, పక్కింటి బాబు బ్యాట్ పట్టుకుని పరుగెత్తుకు రాడు.

ఇవి చిన్న విషయాలు కావు. కుక్కపిల్ల మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా దేన్ని చూస్తుందో, దేన్ని తొక్కుతుందో, దేన్ని వింటుందో అది దానికి లోకంలో మామూలు సంగతి అయిపోతుంది. ఆ తర్వాత కొత్తగా ఎదురయ్యేదంతా ముందు భయపెడుతుంది. ఎనిమిదో వారంలో ఇంటికొచ్చిందంటే చేతిలో మిగిలేది ఆరు వారాలే. ఒక్క లిఫ్ట్ సంగతే చూడండి. తలుపు తెరుచుకోగానే నేలకీ లిఫ్ట్‌కీ మధ్య సందులోంచి చల్లగాలి కొడుతుంది, లోపల అడుగు పెడితే ఇనుప నేల కాస్త కదులుతుంది, తలుపు మూసుకోగానే కడుపులో ఏదో అవుతుంది. పిల్ల నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడిపోతుంది. పది వారాల వయసులో ఒక బిస్కెట్ ముక్కతో, తొందరపెట్టకుండా దాటించేస్తే రెండ్రోజుల్లో మర్చిపోతుంది. అదే భయం రెండేళ్ల కుక్కకి బాంబు బెదిరింపు వచ్చిన మాల్‌లో, నున్నటి గ్రానైట్ నేల మీద మొదలైతే? ముక్కు ఎంత చురుగ్గా ఉన్నా కాళ్లు వణుకుతుంటే అది వాసన వెతకదు.

అయితే ఇక్కడే ఒక తిరకాసుంది. టీకాలు పూర్తయ్యేసరికి సుమారు పదహారు వారాలవుతుంది, లోకం చూపించాల్సిన గడువు అంతకంటే ముందే ముగిసిపోతుంది. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. 2023లో నగర పాలికె (మున్సిపల్ కార్పొరేషన్) చేయించిన లెక్కలో ఈ నగరంలో వీధికుక్కలు దాదాపు 2.79 లక్షలు, వాటిలో ఏది ఎక్కడ ఏం వదిలి వెళ్లిందో ఎవరికి తెలుసు? కాబట్టి టీకాలయ్యేదాకా పిల్లని నేల మీద దించకుండా, చంకనేసుకుని రైల్వే స్టేషన్ బయట కాసేపు, కూరగాయల మార్కెట్ మూల కాసేపు నిలబడాలి. అటుగా వెళ్లేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక మన ఇళ్ల సంగతి. వాసన పట్టే జాగిలానికి జీతం ఒక బంతి, లేదా తాడు బొమ్మ. దానికోసం ఎంత వెర్రిగా వెతికితే అంత పనికొస్తుంది. మనమేమో నోట్లో ఏది పెట్టుకున్నా "ఛీ, వదులు" అని ఒక్కటేస్తాం. అలా అణిగిపోయిన పిల్ల బుద్ధిమంతురాలు కావచ్చు గానీ పోలీసు పనికి రాదు. కొట్టకూడదు, నోట్లోది లాక్కోకూడదు, ఇంకోటిచ్చి మార్పిడి చేసుకోవాలి. ఇంతా చేసి ఓ దారికి తెస్తారా, ఒంగోలు నుంచి అమ్మమ్మ వస్తారు. మొదట్రోజు "ఇంట్లో కుక్కేంట్రా, మడీ ఆచారం లేకుండా" అంటారు, వారం తిరిగేసరికి కంచంలోంచి పెరుగన్నం ముద్ద దాని నోట్లో పెడుతుంటారు. భోజనాల బల్ల కింద అడుక్కోవడం మరిగిన కుక్క హోటల్ తనిఖీకి వెళ్తే ఏం చేస్తుందో ఊహించుకోండి. శిక్షణ కావాల్సింది పిల్లకి కాదు, అమ్మమ్మకి అన్నా తప్పులేదు.

అపార్ట్‌మెంట్ సంఘాలది ఇంకో కథ. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, అయినా లిఫ్ట్‌లో ఎక్కించొద్దని నోటీసు అంటించే సెక్రటరీలు ఇప్పటికీ ఉన్నారు. మెట్రోలోకైతే పెంపుడు జంతువుల్ని రానివ్వరు. పోలీసులు ఒక చిన్న కోటు, ఒక అనుమతి పత్రం ఇస్తే ఈ గొడవ సగం తీరుతుంది.

ఏడాది పెంచి ఇచ్చేయాలంటే గుండె ఒప్పుతుందా అని అడిగేవాళ్లుంటారు. కూతుర్ని అత్తారింటికి పంపినట్టే కదా అంటారు కొందరు. కూతురు పండక్కి వస్తుంది, ఇది రాదు. బాధ ఉంటుంది, పిల్లలు ఏడుస్తారు, ఆ బాధని తీసిపారేయక్కర్లేదు. కాకపోతే అన్ని కుక్కపిల్లలూ పోలీసు పనికి పెట్టే పరీక్ష నెగ్గవు. నెగ్గనిదాన్ని తీసుకుంటారా అని మొదట పెంచిన ఇంటివాళ్లనే అడగాలన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి.

పోలీసు శాఖకు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫొటోల కోసమైతే ఈ పని మొదలుపెట్టొద్దు. పిల్లని చేతికిచ్చి, మంత్రిగారితో నాలుగు మాటలు చెప్పించి, ఆ తర్వాత ఫోన్ ఎత్తకపోతే నష్టపోయేది ఆ నోరులేని జీవి. రాత్రి పదకొండింటికి విరేచనాలు మొదలైతే ఎవరికి ఫోన్ చేయాలి, డాక్టర్ బిల్లు ఎవరు కడతారు, ఎవరినైనా కరిస్తే బాధ్యత ఎవరిది, కుటుంబం ఊరెళితే పిల్ల ఎక్కడుండాలి... వీటికి జవాబులు సిద్ధమయ్యాకే దరఖాస్తులు పిలవాలి. నెలకోసారి హ్యాండ్లర్ ఇంటికొచ్చి చూసి వెళ్లాలి, తప్పు చేస్తుంటే మొహమాటం లేకుండా చెప్పాలి.

మాలినోయిస్‌తో మొదలుపెట్టొద్దని కూడా మా సలహా. దాని హుషారుకి రెండు పడగ్గదుల ఫ్లాట్ చాలదు, మొదటి నెలలోనే కుటుంబం దండం పెట్టేస్తుంది. పేలుడు పదార్థాలు వెతకడానికి లాబ్రడార్లు చాలు, అవి ఇళ్లలో ఇట్టే కలిసిపోతాయి. తొలి విడతకు ఓ పది పిల్లలు, పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండే పది కుటుంబాలు. అవి కూడా ఆడుగోడి నుంచి హ్యాండ్లర్ అరగంటలో చేరుకోగలిగే ఇళ్లే అయి ఉండాలి, అంటే మన ట్రాఫిక్ పుణ్యమా అని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వాళ్లు రెండో విడత దాకా ఆగాల్సిందే.