సెయింట్ క్రాస్: దాత మాటకు కాపలా ఎవరు?

ఇంగ్లాండులోని వించెస్టర్ శివార్లలో, ఇచెన్ నది పక్క పచ్చిక బయళ్ల మధ్య సెయింట్ క్రాస్ హాస్పిటల్ ఉంది. పేరులో హాస్పిటల్ ఉన్నా అది వైద్యశాల కాదు. మధ్యయుగాల్లో ఆ మాటకు ఆశ్రయమిచ్చే చోటనే అర్థం ఉండేది. 1130లలో బిషప్ హెన్రీ ఆఫ్ బ్లోయి దీన్ని స్థాపించినప్పుడు, సత్తువ ఉడిగిన పదముగ్గురు పేదలకు ఇక్కడే నివాసం కల్పించాలని, వారితో పాటు రోజూ మరో వంద మంది పేదలకు అన్నం పెట్టాలని నియమం పెట్టాడు. మన సత్రం బాటసారి కోసం. అక్కడి ఆమ్స్‌హౌస్ ఆసరా లేని వృద్ధుల కోసం. సెయింట్ క్రాస్ ఈ రెండు ధర్మాలనూ నేటికీ వదల్లేదు. ద్వారం దగ్గర ఆగి అడిగిన బాటసారికి ఇప్పటికీ చిన్న రొట్టె ముక్క, కొమ్ముతో చేసిన పాత్రలో కాస్త ఏల్ అనే బీరు అందిస్తారు.

ఇంతటి సంస్థకు ముప్పు వానల వల్లో, యుద్ధాల వల్లో వచ్చి ఉంటుందనుకుంటాం. దాని చరిత్ర చదివితే అసలు ముప్పు నిర్వాహకుల నుంచే వచ్చిందని తెలుస్తుంది. పేదల కోసం రాసిచ్చిన ఆస్తుల రాబడిని మాస్టర్లు, అంటే సంస్థ అధిపతులు, సొంతానికి వాడుకుంటుంటే, బిషప్ విలియం ఆఫ్ వైకమ్ 1370లలోనే వారిపై వ్యాజ్యం నడిపాడు. ఆ పాఠం ఎక్కువ కాలం గుర్తుండలేదు. 1696లో మాస్టరు, ఆశ్రితులు కలిసి సంతకం చేసిన ఒక ఆచార పత్రం, ఖర్చులు పోను మిగిలిన రాబడిని మాస్టరుకే వదిలేసింది. 1808లో బిషప్ బ్రౌన్లో నార్త్ ఆ పదవిని తన కొడుకు ఫ్రాన్సిస్‌కే కట్టబెట్టాడు. తర్వాతి కాలంలో గిల్‌ఫర్డ్ ఎర్ల్ అనే ప్రభు బిరుదు పొందిన ఈ ఫ్రాన్సిస్, 1853లో న్యాయమూర్తి జాన్ రోమిలీ ఆ పత్రాన్ని తప్పుపడుతూ తీర్పు చెప్పేదాకా ఆ రాబడి అనుభవిస్తూనే వచ్చాడు. ఒక అన్యాయాన్ని కాగితం మీద పెట్టి ఆచారమని పేరు పెడితే, దాన్ని కదిలించడానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టిందన్నమాట. అందుకే ధర్మసంస్థ పరిరక్షణలో లెక్కల తనిఖీకి కప్పు మరమ్మతుతో సమానమైన స్థానం ఉండాలని నా అభిప్రాయం.

గోడలు మాత్రమే మిగిలితే ఏమవుతుందో లండన్‌లోని ట్రినిటీ గ్రీన్‌లో చూడవచ్చు. ఈ ఆమ్స్‌హౌస్‌ను 1695లో వృద్ధ ఓడ కెప్టెన్ల కోసం, వారి వితంతువుల కోసం ట్రినిటీ హౌస్ అనే నావికుల సంస్థ కట్టించింది. 1890లలో కూల్చివేత ప్రతిపాదన వచ్చినప్పుడు వాస్తుశిల్పి సి.ఆర్. ఆష్‌బీ ఉద్యమించి దాన్ని కాపాడాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు దెబ్బతిన్న ఇళ్లను తర్వాత బాగుచేశారు. ఆ కృషిని నేను తక్కువ చేయను; అది లేకపోతే ఈ రోజు మాట్లాడుకోవడానికి ఇల్లే ఉండేది కాదు. అయినా వీధివైపు గోడ మీద ఆ ఇళ్లు ఎవరి కోసమో చెప్పే శాసనఫలకం ఉంది కానీ, ఆ నావికుల ఆశ్రయం మాత్రం ఇప్పుడు అక్కడ లేదు.

సెయింట్ క్రాస్‌లో ఆశ్రితులు ఉన్నారు. తొలి సంఘం వారు వెండి శిలువ గుర్తున్న నల్లని అంగీ, 1445లో కార్డినల్ బోఫర్ట్ చేర్చిన రెండో సంఘం వారు ఎర్రని అంగీ ధరిస్తారు. బోఫర్ట్ కాలపు ఎత్తైన పొగగొట్టాల కింద, పదిహేనో శతాబ్దపు గదుల్లోనే వారి కాపురం. అలాంటి ఇంట్లో ముసలివారు బతకాలంటే స్నానాలగది, వెచ్చదనం, పట్టుకుని ఎక్కడానికి కమ్మీ ఉండాలి. పాత గోడకు చిల్లు పెట్టకూడదని వాదించే నిపుణుల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ గోడ మొదట లేచింది సత్తువ ఉడిగిన మనుషుల కోసమే కనుక, కమ్మీ బిగించడానికి అక్కడ చిల్లు పెట్టవలసి వస్తే పెట్టాలనే నేనంటాను.