ఆ తల్లి మాటను మరచిపోయారు

సోవియట్ దర్శకుడు ఎల్దార్ ర్యాజనోవ్ తీసిన ‘ఐరనీ ఆఫ్ ఫేట్’ సినిమా పూర్తిగా సుఖాంతమేనని దానిపై వచ్చిన వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు కానీ, ఆ ముగింపు నాకు అంత నిశ్చింతగా అనిపించదు. 1976 జనవరి 1న సోవియట్ టెలివిజన్‌లో తొలిసారి ప్రసారమైన ఈ చిత్రంలో, మత్తులో లెనిన్‌గ్రాద్ చేరి పరాయి ఇంట్లో కొత్త సంవత్సరపు రాత్రి గడిపిన జెన్యా మాస్కోకు తిరిగి వచ్చేస్తే, అతను మరచిపోయిన బ్రీఫ్‌కేసు ఇచ్చే నెపంతో ఆ ఇంటామె నాద్యా వెతుక్కుంటూ వస్తుంది. రెండు ఊళ్లలోనూ వీధి పేరూ ఇంటి నంబరూ ఒకటే కనుక ఆమెకు చిరునామా అడగవలసిన పని కూడా లేదు. (మూసపోసిన గృహనిర్మాణంపై ఇంతకన్నా చక్కని ఎత్తిపొడుపు నేను చూడలేదు.) అయితే, తనను నిలకడలేని మనిషి అనుకుంటున్నారా అని నాద్యా అడిగినప్పుడు జెన్యా తల్లి అవుననదు, కాదనదు, ముందుముందు చూద్దామని మాత్రమే అంటుంది. వ్యాసంలో ఈ జవాబు ప్రస్తావనే లేదు.